త్రేన్పుల బావ

మా అక్క భర్తకు సూక్ష్మజీవుల మీద పెద్ద చదువు ఉంది. ఎంత పెద్దదంటే, ఎదురుగా నిలబడ్డ ఆవు ఆయన కంటికి ఆనదు. దాని కడుపులోని క్రిములు మాత్రం స్పష్టంగా కనిపిస్తాయి.

ఆయన సముద్రపు నాచును ఎండబెట్టి పొడి చేయించాడు. దాన్ని మేతలో కలిపితే ఆవు త్రేన్పుల్లో వచ్చే మీథేన్ తగ్గుతుందట. పరీక్ష చేయడానికి ఆవులు కావాలి. నా కొట్టంలో పదహారున్నాయి. పైగా నేను మరదలిని, కాదనలేను.

మొదటి రోజు కాళ్లకు ప్లాస్టిక్ తొడుగులు, చేతులకు గ్లవుజులు, ముక్కుకు గుడ్డతో దిగాడు. ఆయన్ని చూసి రెండావులు తాడు తెంపుకోబోయాయి.

"చూడు మరదలా, ఆవు మొదటి పొట్టలో కోట్లకొద్దీ క్రిములు మేతను పులియబెడతాయి. అప్పుడు పుట్టే హైడ్రోజన్‌తో ఒక రకం క్రిమి మీథేన్ తయారుచేస్తుంది. అదేమో గాలిని వేడెక్కిస్తుంది. నా పొడి ఆ క్రిముల చేతులు కట్టేస్తుంది."

"క్రిములకి చేతులుంటాయా బావా?"

"అందుకే నీతో మాట్లాడను."

కొట్టం మూల ఒక రేకు పెట్టె బిగించారు. ఆవు అందులో తల పెడితే గుప్పెడు దాణా రాలుతుంది. అది నమిలేలోపు ఒక గొట్టం దాని ఊపిరి పీల్చి, మీథేన్ ఎంతుందో తెర మీద చూపిస్తుంది. ఎనిమిది ఆవులకు పొడి కలిపిన మేత, మిగతా ఎనిమిదింటికి మామూలు మేత. బావ తెర ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మేతతొట్లు ఆయన వీపు వెనక ఉన్నాయి. అటు తిరిగే తీరిక ఆయనకు దొరకలేదు.

నాలుగో రోజుకు పొడి మేత ఆవుల అంకె సగానికి పడింది. బావ ఎగిరి గంతేశాడు. గంటలో అక్క ఫోను: "మీ బావ భూమిని కాపాడాడే!"

నా దగ్గర ఇరవై ఏళ్లుగా పాలు పితికే పెద్దాయన మాత్రం ఖాళీ క్యాను తెచ్చి నా ముందు పెట్టాడు. "అమ్మా, ఆ ఎనిమిదీ పాలు తగ్గించేశాయి. తొట్లు చూడండి, మేత అలాగే ఉంది. ఆ పొడి వాసనకి మూతి తిప్పుకుంటున్నాయి."

వెళ్లి తూచాను. పెట్టిన దాంట్లో దాదాపు సగం తొట్టిలోనే ఉంది. బావకు చెప్పాను.

"తిండి సంగతి నా పట్టికలో లేదు. ఆ ముసలాయన సరిగా కలిపి ఉండడు. అయినా పాలు అమ్ముకునేదానివి, నీకెందుకివన్నీ?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఇక నా సంగతీ చెప్పాలి. ఆయన్ని అని ఏం లాభం? పత్రికలో వేసే తన వ్యాసంలో నా పాడి పేరు వస్తుందని ఆయన ఒక మాట అన్నాడు. ఆ మాటకు నోరు మూసుకుని, నా ఆవులను మరో ఆరు రోజులు అర్ధాకలితో ఉంచాను. నాకున్న సిగ్గు అంతే మరి.

పదో రోజు, పొడికి అనుమతి ఇవ్వాల్సిన సంఘం వాళ్లు ముగ్గురు వచ్చారు. బావ అరగంట మాట్లాడాడు. మాటల్లో మంచుకొండలు వచ్చాయి, సముద్రాలు వచ్చాయి, ఆవు ఒక్కసారీ రాలేదు. అంతా విని, సంఘం పెద్దమ్మ ఒక్కటే అడిగింది: "ఇవి ఎంత తింటున్నాయండీ?"

"మామూలుగానే, మేడమ్."

"తినట్లేదమ్మా, పస్తులుంటున్నాయి," అన్నాడు పెద్దాయన.

బావ నవ్వాడు. "చదువు లేనివాడు, పట్టించుకోకండి."

ఆ నవ్వు చూశాక ఇక నా వల్ల కాలేదు. ఆరు రోజులుగా తూచి రాసుకున్న కాగితం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. "పది రోజులు అన్నం మానేస్తే నాకూ త్రేన్పులు రావు బావా. దానికి నాచు ఎందుకు?"

బావ ముక్కుగుడ్డ పైకి లాక్కున్నాడు.

ఆవిడ పొడిని తప్పుపట్టలేదు. తిన్న ప్రతి కిలో మేతకు ఎంత మీథేన్ వచ్చిందో లెక్కగట్టి, పరీక్ష మళ్లీ చేయమంది. ఈసారి పొడి మోతాదు నాలుగో వంతుకు తగ్గించి, బెల్లపు మడ్డిలో కలిపి పెడదామన్నాడు పెద్దాయన. ఆవులు తొట్టి నాకేశాయి. పాలు మళ్లీ ఎప్పటిలా పడ్డాయి. మీథేన్ మాత్రం ఐదో వంతు తగ్గింది, నిజంగానే తగ్గింది.

"ఐదో వంతా? కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంది," అని బావ పెట్టె విప్పించుకుని వెళ్లిపోయాడు. వ్యాసంలో మాత్రం ఆ ఎలుకకు ఆయన పేరే పెట్టుకున్నాడు. పెద్దాయన 'సహకరించిన సిబ్బంది' అయ్యాడు. నా పాడి 'ఒక పాడి' అయింది.

అక్క మూడు నెలలు నాతో మాట్లాడలేదు. మొన్న తనే ఫోను చేసి, మురిసిపోతూ చెప్పింది:

"కాలేజీలో మీ బావ పాఠానికి ఎంత పేరొచ్చిందనుకున్నావ్! 'గొట్టం చూసే ముందు తొట్టి చూడండి' అని పిల్లలకి కొత్త సూత్రం చెప్తున్నారంట. ఎవరికి తడుతుందే అలాంటి మాట?"

"ఎవరికీ తట్టదక్కా," అని ఫోను పెట్టేశాను. పాలు పితికే వేళ అయింది.