ఆంథోని గారి రాజ్‌దూత్

బేరానికి బయల్దేరిన రోజున వెంకటప్పయ్య చేతిలో ఉన్నవి కల్లూరులో ఒక మిర్చి కొట్టు, ఆ కొట్టులో సానబట్టిన నోరు, పంతొమ్మిదో ఏట తీరక లోపలే ఉండిపోయిన ఒక కోరిక. అప్పట్లో రాజ్‌దూత్ బండి కొనిపెట్టమని తండ్రిని అడిగాడు. తండ్రి ఆ డబ్బుతో పొలానికి స్ప్రేయర్ కొని, "ఇదీ చప్పుడు చేస్తుందిగా" అన్నాడు. ఇంట్లో అందరూ నవ్వారు. వెంకటప్పయ్యా నవ్వాడు. కానీ వచ్చిన నష్టాన్ని మర్చిపోయేవాడు వ్యాపారి కాలేడు. ముప్పై ఏళ్ల తరవాత, పర్ణశాల దారిలో ఒక ఇంటి చూరు కింద పాత రాజ్‌దూత్ అమ్మకానికి ఉందని తెలియగానే, కొట్టు గుమస్తాకి అప్పజెప్పి బస్సెక్కాడు.

ఆ ఇల్లు సంపూర్ణది. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, ఊరందరికీ సిస్టరమ్మ. ఆమె భర్త ఆంథోని మలేరియా సూపర్‌వైజర్‌గా ఆ బండి మీదే అడవి పల్లెలన్నీ తిరిగాడు. ఆయన పోయి ఇంకా ఏడాది నిండలేదు.

"ఆయన సమాధికి నల్లరాయి ఏయించాలె తమ్ముడూ. అందుకే అమ్ముతున్న" అంది సంపూర్ణ, మంచినీళ్లు అందిస్తూ.

వెంకటప్పయ్య ఆ మాట విన్నాడు. అమ్మేవాళ్లకి అవసరం ఉందన్న సంగతి మటుకు తీసుకుని, మిగతాది వదిలేశాడు. కొట్టులో రోజూ చేసే పనే అది.

బండి ట్యాంకు రంగు వెలిసిపోయింది. సీటు చిరిగింది. వెనక సీటు పక్కన, ఎవరో ఊరి కమ్మరి అతికించిన వంకర ఇనప పిడి ఒకటి ఉంది. అయితే కిక్కు కొట్టగానే ఇంజిన్ అందుకుంది. ఆ చప్పుడు విని వెంకటప్పయ్యకి ఒళ్లు పులకరించింది, ఆ వెనకే దిగులూ పట్టుకుంది. బాగున్న సరుక్కి బాగున్న ధరే ఇవ్వాలి మరి.

ఇలాంటప్పుడు మిర్చి కొట్టులో చేసే పని ఒకటుంది. రైతు బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, తెల్లబడ్డ తాలుకాయలు గుప్పెడు పైకి తీసి, "అంతా తాలే" అని నిట్టూర్చాలి. ఆ తాలు బస్తాలోదో, ముందే గుప్పిట్లో ఉన్నదో రైతుకి తెలియదు. వెంకటప్పయ్య బండి ఆపి, ఇంజిన్ చూస్తున్నట్టు పక్కన గొంతుక్కూర్చున్నాడు. ట్యాంకు కింద పెట్రోల్ కాక్ ఉంటుంది. దాన్ని తెరిస్తేనే ఇంజిన్‌కి పెట్రోల్ దిగుతుంది. తెరిచి ఉన్నదాన్ని మూయబోతే అది బిగుసుకుపోయి ఉంది. బలమంతా వేళ్లలోకి తెచ్చి తిప్పాడు. లోపల ఏదో టక్కుమంది.

"ఒక రౌండు కొట్టొస్తాను సిస్టరమ్మా" అన్నాడు లేచి.

చర్చి మలుపు దాటేసరికి కార్బ్యురేటర్‌లో మిగిలిన పెట్రోలు కాస్తా అయిపోయి బండి ఆగింది. దాన్ని తోసుకుంటూ, చావు కబురు తెచ్చినవాడి మొహంతో తిరిగొచ్చాడు.

"ఇంజిన్ పట్టేస్తోందమ్మా. పిస్టన్ పోయింది, క్రాంకు కూడా మార్చాల్సిందే. నేను గనక అడుగుతున్నాను. ఇంకొకళ్లైతే పాత ఇనుము కింద కాటా వేస్తారు."

సంపూర్ణ బండిని చూసింది. ట్యాంకు కింద ఒక క్షణం చూపు ఆగింది. తరవాత అతని మొహం చూసింది. అతను చెప్పిన ధర ఆమె అనుకున్నదాంట్లో సగం.

"తీస్కపో. కానీ ఒక్క మాట. ఏటా సమాధుల పండుగ నాడు బండి తెచ్చి ఆయనకు చప్పుడు వినిపియ్యాలె."

పైసా ఖర్చులేని షరతు. వెంకటప్పయ్య వెంటనే ఒప్పుకున్నాడు. ఊరు దాటాక కాక్ తెరిచి, పాల్వంచ దాకా కూనిరాగాలు తీస్తూ వచ్చాడు.

ఖమ్మంలో బెన్నీ అనే మెకానిక్‌కి పాత బండ్లంటే ప్రాణం. వెంకటప్పయ్య వారానికోసారి అతని షెడ్డుకు వెళ్లి పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. ట్యాంకుకి ఎండు మిరపకాయ రంగు వేయించాడు. బెన్నీ డబ్బాలోంచి రంగు కలిపి చూపిస్తే, "ఇది ఏసీ గోదాములో దాచిన కాయ రంగు. నాకు కళ్లంలో ఆరిన కాయ రంగు కావాలి" అని జేబులోంచి ఎండు మిరపకాయ తీసి ఇచ్చాడు. ఆ రంగు మీద సన్నటి బంగారు గీత. ముందుకి వంగి పట్టుకునే పొట్టి హ్యాండిల్. కాఫీ రంగు తోలు సీటు.

"వెనక ఈ పిడి ఉంచాల్నా అన్నా?" అని అడిగాడు బెన్నీ.

"పీకెయ్యవయ్యా. పట్టుచీరకి గోనెసంచి అంచా?"

బెన్నీ నవ్వుతూ పిడి కోసి పాత ఇనుములో పారేశాడు.

బండి తయారైంది. కల్లూరు సెంటర్లో ఆపితే టీ తాగేవాళ్లు గ్లాసులు పట్టుకునే వచ్చి చుట్టూ నిలబడ్డారు. మంచి రోడ్డు మీద అది వెన్నలా పోయేది. గతుకుల రోడ్డెక్కితే చాలు, ఉన్నట్టుండి ఆగిపోయేది. కాసేపు కుదిపితే మళ్లీ లేచేది. ఒకరోజు పొలం నుంచి తోసుకుంటూ వచ్చిన భర్తని చూసి నిర్మలాదేవి, "దాన్ని అన్నిసార్లు తన్నే బదులు నన్నొక్కసారి పిలిస్తే పలికేదాన్నిగా, ఆటో మాట్లాడి పంపేదాన్ని" అంది.

బెన్నీ ప్లగ్గు మార్చాడు. కాయిల్ మార్చాడు. కార్బ్యురేటర్ కూడా కొత్తది బిగించాడు. చివరికి, "అన్నా, పాత పెట్రోల్ కాకే ఉంది గద. దాని పిడి తెరిచినట్టే కనబడుతుంది గనీ, లోపలేమన్న జారుతున్నదేమో. ఇప్పి చూద్దామా?" అన్నాడు.

"దాని జోలికి పోకు!" అని అరిచాడు వెంకటప్పయ్య.

"గంత కోపమెందుకే? కాకే గద, కిడ్నీ కాదు గద!"

ఆ రోజు వేళ్ల కింద టక్కుమన్నది వెంకటప్పయ్యకి గుర్తుంది. కాక్ విప్పితే, ఇది ఇంత గట్టిగా ఎవరు తిప్పారని బెన్నీ అడుగుతాడు. అడక్కపోయినా, లోపల విరిగిన ముక్కని తను చూడాలి. చూడకుండా ఉంటే బండికి ఏదో అంతుపట్టని జబ్బు అనుకుని బతకొచ్చు.

సమాధుల పండుగ వచ్చింది. వెళ్లకపోతే అడిగేవాళ్లు లేరు, కానీ మార్కెట్టులో మాట తప్పిన పేరు అతనికి ఇంతవరకూ లేదు. పొద్దున్నే బయల్దేరి భద్రాచలం వంతెన దాటాడు. దుమ్ముగూడెం దారిలో గతుకుల దగ్గర మెల్లగా, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు నడిపాడు. సమాధుల తోట గేటు ముందు చిన్న గుంత ఉంది. దాంట్లోంచి లేస్తూనే బండి ఆగిపోయింది.

లోపల ఊరంతా ఉన్నారు. బంతిపూలు, కొవ్వొత్తులు, కొత్త సున్నం వాసన. ఎర్రగా మెరిసే బండిని చూసి అందరూ తలలు తిప్పారు. వెంకటప్పయ్య కిక్కు కొట్టాడు. మళ్లీ కొట్టాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

ఆంథోని తమ్ముడు క్రిస్టోఫర్ నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తున్నాడు. "ఏంది షావుకారూ, పెండ్లికొడుకు లెక్క ముస్తాబు జేసినవ్, నడిచేటందుకు కాళ్లు పెట్టుడు మరిచినవా? మా అన్న చేతిల గిట్ల ఒక్కనాడు ఆగలే!"

అందరూ నవ్వారు. వెంకటప్పయ్య బండి తోసుకుంటూ లోపలికి వచ్చాడు. ఆంథోని సమాధి ఎక్కడుందో ఎవరూ చూపించనక్కర్లేకపోయింది. అటూ ఇటూ నల్లరాయి పలకలు అద్దాల్లా మెరుస్తుంటే, మధ్యలో ఒట్టి సిమెంటు గట్టు. దాని మీద ఆంథోని అనే పేరు కుంచెతో రాసి ఉంది, చివరి అక్షరానికి చోటు చాలక కిందికి ఒరిగింది. నల్లరాయి ఏయించాలె తమ్ముడూ. ఆ రోజు వదిలేసిన మాట ఇప్పుడు పూర్తిగా వినిపించింది. తను మిగిల్చుకున్న సగమే, ఇక్కడ లేని ఆ రాయి.

అక్కడ మోకాళ్ల మీద ఉన్న సంపూర్ణ లేచి వచ్చింది. వంగి, చూడకుండానే ట్యాంకు కిందికి చెయ్యి పోనిచ్చి, కాక్ పిడిని బొటనవేలితో లోపలికి నొక్కిపట్టి తిప్పింది.

"ఇప్పుడు కొట్టు."

మొదటి కిక్కుకే బండి అందుకుంది. ఆ చప్పుడు సిమెంటు గట్టు మీదుగా తోటంతా నిండింది. నవ్వినవాళ్లు నవ్వు ఆపారు. ఒక ముసలామె సిలువ గుర్తు వేసుకుంది. సంపూర్ణ కళ్లు మూసుకుని నిలబడింది.

"ఏమైంది వదినా దీనికి?" అన్నాడు క్రిస్టోఫర్.

"కాక్ ఇరిగింది. ఎవరో జర గట్టిగ మూసిండ్రు" అంది సంపూర్ణ.

ఎవరో. ఆ ఒక్క మాటకి వెంకటప్పయ్య తల వంగిపోయింది. పేరు పెట్టి తిట్టి ఉంటే బదులు చెప్పుకునేవాడు.

జనం పలచబడ్డాక ఆమె దగ్గరికి వెళ్లాడు. "మీకు ఆ రోజే తెలుసా?"

"తెల్వకేంది? వాగుల పడి ఆయన మోకాలు ఇరిగినంక వంగనీకె రాకపోయేది. ఎన్కాల కూసుండి తెరిచేది నేనే, మూసేది నేనే. ఆ పొద్దు నువ్వొస్తున్నవని తెరిచిపెట్టింది గూడ నేనే."

"మరి ఎందుకిచ్చారు సిస్టరమ్మా?"

"నీకన్న ముందు ఇద్దరొచ్చిండ్రు. మంచి ధరే చెప్పిండ్రు. ఒకడు ఇంజిన్ పీకి నీళ్ల మోటరుకు పెడ్తనన్నడు. ఇంకొకడు సామాన్లు ఇడగొట్టి అమ్ముతనన్నడు. బండి కోసం అబద్ధమాడింది నువ్వొక్కనివే. గంత ఆశ ఉన్నోడు నడుపుకుంటడు అనుకున్న." సమాధి వైపు చూసింది. "రాయి మంచిదే. చప్పుడు జెయ్యది గద."

వెంకటప్పయ్య జేబులో చెయ్యి పెట్టాడు. "మిగతా సగం రేపే పంపిస్తాను. కాదంటే రాయి నేనే వేయిస్తాను."

"వద్దు."

"అక్కా..."

"రాయి ఏయించినవనుకో, నీ లెక్క తీరిపోతది. మళ్ల యేడు నువ్వు రావు." ఆమె కోపంగా లేదు. అదే అతనికి భరించరానిదిగా ఉంది. "కాక్ బాగు జేయించు. ఇంటి దాక దింపు."

ఆమె వెనక కూర్చుంది. కూర్చుంటూనే పక్కకి చెయ్యి చాపింది. పిడి ఉండాల్సిన చోట ఆ చెయ్యి గాలిని పట్టుకుని, ఒక క్షణం అక్కడే నిలిచింది. ఆ పిడి ఎవరు ఎవరి కోసం చేయించారో వెంకటప్పయ్యకి అప్పుడు తెలిసింది. ఆమె అతని భుజం పట్టుకుంది.

ఇంటి ముందు బండి ఆగింది. వెనక నుంచి చెయ్యి వచ్చి, అలవాటుగా, మెత్తగా కాక్ మూసింది.

"మంచి రంగేసినవ్" అని లోపలికి వెళ్లిపోయింది.

వెంకటప్పయ్య చాలాసేపు బండి ఎక్కలేదు. కొట్టు పెట్టినప్పటి నుంచి ఏ బేరం ముగిసినా మనసులో లాభం తేల్చుకోవడం అతని అలవాటు. ఈ బేరంలోనూ తేల్చుకున్నాడు. కోరుకున్న రంగులో కోరుకున్న బండి వచ్చింది. బెన్నీ ఇనప కుప్పలో వెతుక్కోవాల్సిన పిడి ఒకటి ఉంది. ఏటా ఒక పొద్దు, ఆ సిమెంటు గట్టు ముందు తల వంచుకుని నిలబడే పని వచ్చింది. దాన్ని డబ్బిచ్చి వదిలించుకునే దారి ఆమె ఉంచలేదు.