పడిన బండిని లేపడం

పెర్ల్ ముర్తజా చిన్న స్పానర్‌తో వెనకచక్రం స్పోకులను ఒక్కొక్కటే తట్టి వింటోంది. బిగువుగా ఉన్నది టింగుమంటుంది. వదులైనది మూగగా టప్పుమంటుంది. అలాంటిది దొరికినప్పుడల్లా ఆగి, కాస్త బిగించి, మళ్లీ తట్టి, తల పంకించి ముందుకు పోతోంది. డెబ్భై దాటిన మనిషి. వెడల్పాటి భుజాలు, పొట్టి మెడ, ఏ సబ్బుకూ వదలని గోళ్లకింది నలుపు. మోకాళ్లు మొరాయించడం మొదలుపెట్టినప్పటినుంచీ పాలసీసాల పెట్టెనొకదాన్ని బోర్లించి దానిమీదే కూర్చుని పని చేస్తోంది.

అక్కడ జూలై అంటే చలికాలం; ఆ చలి ఇంకా వదల్లేదు. ఎడారి అంచునున్న మర్రీ ఊరిమీద ఎండ పల్చగా పడుతోంది. షెడ్డు గుమ్మంలో, దూది బయటికొచ్చిన సోఫాలో ఆమె తమ్ముడు సెస్ టీ కప్పు పట్టుకుని కూర్చున్నాడు. రైలుపట్టాల పనిలో నడుం అరగదీసుకున్నవాడు. ఇప్పుడతని పనల్లా అక్క పని చూస్తూ వ్యాఖ్యానించడమే.

ఆ మోటారుసైకిల్ కెరిన్ అనే అమ్మాయిది. అమ్మాయంటే నలభైకి దగ్గరపడింది. నిన్న సాయంత్రం తారురోడ్డు చివర దిగి, ఎర్రమట్టి దారిన ఎడారి దాటి బర్డ్స్‌విల్‌కి ఒంటరిగా పోతానంది. తారుమీదా మట్టిలోనూ నడిచే మంచి బండే. కానీ వెనక చెరో పక్కా ఒక్కో రేకుపెట్టె, వాటిమీద మరో మూట, దానిమీద మడతకుర్చీ.

"ఇల్లు మారుస్తున్నావా తల్లీ?" అన్నాడు సెస్, నిన్న చూడగానే.

రాత్రి హోటల్లో పడుకుని పొద్దున్నే వచ్చిన కెరిన్‌కి షెడ్డులో తన బండి సగం విప్పేసి కనిపించింది. పెర్ల్ అప్పటికే గాలిఫిల్టరు కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించి, పిండి, దుమ్ము దూరకుండా అంచుకి గ్రీజు రాసి పెట్టేసింది. ఇంజను కింద రాళ్లు తగలకుండా దళసరి పలక బిగించింది. హ్యాండిల్‌మీద క్లచ్ లివరునీ బ్రేకు లివరునీ కాస్త వదులు చేస్తోంది.

"అయ్యో, ఆంటీ, అవి గట్టిగానే ఉన్నాయే!"

"అందుకే వదులు చేస్తున్నా. పడ్డప్పుడు గట్టిగా ఉన్నది విరుగుతుంది. వదులుగా ఉన్నది తిరుగుతుంది."

"పడతానంటారా?"

"పడకుండా బర్డ్స్‌విల్ పోయినవాణ్ని ఒక్కణ్ని చూపించు, వాడికి టీ నేను పోస్తా," అన్నాడు సెస్.

పెర్ల్ నవ్వలేదు. రేకుపెట్టెలు రెండూ ఊడదీసి గోడపక్కన పెట్టింది. బండి ఒరిగితే కాలు పెట్టెకిందే ఇరుక్కుంటుందని చెప్పింది. వాటి బదులు గుడ్డసంచులు తెచ్చి, నీళ్లూ పనిముట్లూ కిందికి, ముందుకి వచ్చేలా సర్దింది. తేలికైన గుడ్డలు మాత్రమే పైన. సంచులు కట్టాక రెండు వైపులా చేతులేసి ఎత్తి చూసి, ఒక స్పేరు ట్యూబుని ఎడమనుంచి కుడికి మార్చింది.

ఆ చూపు ఆమె తాతది. ముర్తజా తాత ఒంటెలమీద ఉన్నిమూటలు కట్టి ఇదే దారిన ఉత్తరానికి నడిపించినవాడు. బరువు ఒక పక్కకి లాగితే ఒంటె వీపు పుండవుతుందని, రెండు పక్కలా చేతులతో ఎత్తి చూడనిదే కదలనిచ్చేవాడు కాదట. తాత పోయేనాటికి ఒంటెలు లేవు. ఆ తర్వాత రైలూ రావడం మానేసింది. పెర్ల్ అప్పటిదాకా స్టేషన్ క్యాంటీన్‌లో గిన్నెలు తోమేది. రైలుతోబాటు సగం ఊరు మూటాముల్లె సర్దుకుని పోయింది. ఎక్కడికి పోవాలో తెలియకా, పోవాలని లేకా ఆమె ఉండిపోయింది. ఒకరోజు చట్రం విరిగిన మోటారుసైకిల్ తోసుకుంటూ ఎవరో వచ్చి, ఊళ్లో బాగుచేసేవాళ్లున్నారా అనడిగితే "ఉన్నారు" అంది. అప్పటికి ఆమె ముట్టుకున్న యంత్రమల్లా క్యాంటీన్ బాయిలరొక్కటే. ఆ చట్రాన్ని ఇనపముక్కా తోలుపట్టీ వేసి కట్టింది. ఆ మనిషి బర్డ్స్‌విల్ చేరి, అక్కణ్నుంచి పోస్టుకార్డు రాశాడు. అంతే, అదే ఆమె పనైపోయింది. పెళ్లి కుదిరీ చెడింది, పిల్లలు లేరు, ఊరు దాటింది తక్కువ. కానీ ఆ దారిన పోయే బండ్లలో ఆమె చెయ్యి పడనివి అరుదు.

సామానంతా కట్టడం అయ్యాక పెర్ల్ బండిని షెడ్డు బయటికి తోసింది. తోసి, మెల్లగా నేలమీద పడుకోబెట్టేసింది.

కెరిన్ కెవ్వుమంది. "ఏం చేస్తున్నారు!"

"లేపు."

"ఒక్కదాన్నేనా?"

"అక్కడ నీ పక్కన ఎవరుంటారమ్మా? దీన్ని లేపనివాళ్లు నా షెడ్డులోంచి ఆ దారికి పోరు."

ఒకప్పుడు బండికింద కాలిరుక్కుని పగలంతా ఎండలో పడున్న ఒకాయన్ని ట్రక్కులో వెనక్కి తెచ్చారు. ఆ తర్వాత పెట్టిన షరతిది. దీనికి అలిగి తిట్టుకుంటూ పోయినవాళ్లూ ఉన్నారు.

కెరిన్ హ్యాండిల్ పట్టుకుని లాగింది. బండి జానెడు లేచి మళ్లీ పడింది. ఇంకోసారి. మొహం ఎర్రబడింది. మూడోసారి కాలు జారి, తనే మట్టిలో కూర్చుండిపోయింది.

"పదేళ్లు మా ఆయన వెనక సీట్లోనే తిరిగానాంటీ," అంది తలెత్తకుండా. "బండి పడితే ఆయనే లేపేవాడు. నీకు చేతకాదులే అనేవాడు. విడిపోయాక కొనుక్కున్నాను దీన్ని. ఆయన అన్నమాటే నిజమేమో."

సెస్ ఏదో అనబోయాడు. పెర్ల్ చేత్తో వారించింది.

"చేతుల్తో లేపుతున్నావు. చేతులకేం బలముంటుంది? ఇటు తిరుగు. దానికి వీపు ఆనించు. ముందు గేరులో పెట్టు, దొర్లకుండా. ఆఁ. ఒక చెయ్యి హ్యాండిల్‌కి, ఇంకోటి సీటు కిందికి. ఇప్పుడు కూర్చున్నచోటునుంచి లేచినట్టు లేచి, వెనక్కి నడు. చిన్న చిన్న అడుగులు."

కెరిన్ ఊపిరి బిగబట్టింది. తొడలు వణికాయి. మట్టిలో మడమలు దిగబడ్డాయి. బండి కదిలింది, సగం లేచింది, ఒక్క క్షణం అలాగే ఆగింది. పెర్ల్ ముందుకు రాలేదు. వీపువెనక పిడికిళ్లు బిగించి నిలబడింది. బండి నిటారుగా లేచి నిలబడింది. కెరిన్ స్టాండు వేసి, దానివైపు తిరిగి, తను చేసిన పనిని తనే నమ్మనట్టు చూసింది.

"మళ్లీ," అంది పెర్ల్.

"మళ్లీనా!"

"ఒకసారి లేపితే అదృష్టం అనుకుంటావు."

ఈసారి తొందరగానే లేపింది. సెస్ కప్పు పక్కన పెట్టి చప్పట్లు కొట్టాడు. కెరిన్ ఏడుస్తూ నవ్వుతూ పెర్ల్‌ని కావలించుకుంటే ఆమె గ్రీజు చేతులు దూరంగా పట్టుకుని, "కోటు పాడవుతుందే పిల్లా," అంది.

టైర్లలో గాలి కాస్త తగ్గించి, కెరిన్‌ని సీటుమీద కూర్చోబెట్టి చైను ఎంత వేలాడుతోందో వేలితో చూసి, పంపించింది. బండి లేపిన ఎర్రధూళి సర్దుకునేదాకా గుమ్మంలోనే నిలబడింది.

మధ్యాహ్నం పొద్దు వాలాక ఫోన్ మోగింది. దారి సగంలో ఉన్న మంగరానీ హోటల్‌నుంచి కెరిన్.

"ఆంటీ! పడ్డాను! ఇసుకలో. ఎవ్వరూ లేరు, ఒక్క డేగ తప్ప. లివరు తిరిగింది, విరగలేదు. నేనే లేపాను. ఒక్కసారికే!"

"ఊఁ," అంది పెర్ల్. "రేపు బయల్దేరేముందు ఫిల్టరు మార్చు. సంచి అడుగున ఇంకోటి నూనె రాసి పెట్టా." ఫోన్ పెట్టేసి సెస్ వైపు తిరిగింది. మామూలుగా గీసినట్టుండే పెదాలు చెవులదాకా సాగాయి. "లేపిందిరా."

"నువ్వే లేపినట్టు మురిసిపోతున్నావేంటే అక్కా?"

"మురిసిపోతే తప్పా?"

ఆ మాటతో లోపలికి వెళ్లి, పశువుల ఎస్టేటునుంచి వచ్చిన పాత బండి ముందు చక్రం విప్పడం మొదలుపెట్టింది. సన్నగా ఈల కూడా వేస్తోంది. సెస్ కాస్త కునికాడు. ఈల ఎప్పుడాగిందో గమనించలేదు. టీ పెట్టుకొచ్చి పిలిస్తే పలకలేదు. పెట్టెమీదే కూర్చుని, గోడకి తల ఆనించి ఉంది. వెలుగు మొహమ్మీద పడుతోంది. సెస్ కప్పు కింద పెట్టి, అక్క చేతిని రెండు చేతులతో పట్టుకుని పక్కనే కూర్చున్నాడు.

తాత పక్కనే మట్టిచ్చారు. కబురందిన కెరిన్ బర్డ్స్‌విల్‌నుంచి అదే దారిన తిరిగొచ్చింది. ఇంకా ఎందరో బండ్లమీద వచ్చారు. షెడ్డులోకి ఎవరూ పోలేదు. అక్కడ ఎస్టేటు బండి చక్రం లేకుండా ముక్కాలిపీట మీద నిలబడి ఉంది. పక్కన, దుమ్ము పడకుండా తెల్లగుడ్డ చుట్టి, దాని ఇరుసు. పెర్ల్ తుడిచి, గ్రీజు రాసి, ఎక్కించడానికి సిద్ధంగా పెట్టింది. ఆ గ్రీజు గుడ్డలోంచి మెల్లమెల్లగా పైకి ఊరుతోంది.