ఇంటిదీపం గారు

తెల్లకోటు ఇస్త్రీ చెయ్యడం చూసేవాళ్ళకు తేలికే. కాలరు దగ్గర నీళ్ళు చిలకరించాలి, జేబు మీద అదిమిపట్టాలి, చేతుల మడత రెండువైపులా సరితూగాలి. లేకపోతే వేసుకున్న మనిషి వంకరగా కుట్టిన బొమ్మలా ఉంటుంది. ఆ ఇంటి పెద్దకోడలు రోజూ పొద్దున్నే ఆ పని చేసేది. కోటు ఆమెది కాదు, తోడికోడలిది. చిన్నకోడలు రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం చేస్తుంది. ఆ పిల్ల కాపురానికొచ్చిన మొదటి వారంలోనే అత్తగారు తేల్చిపారేసింది: "నువ్వెలాగూ ఇంట్లోనే ఉంటావు కదే, ఆ కోటు మీద కూడా నాలుగు రుద్దులు రుద్దెయ్యి."

ఎలాగూ ఇంట్లోనే ఉంటావు కదా అనే మాట ఉందే, అది ఆ ఇంటి గోడకు కొట్టిన మేకు. ఎవరి చేతిలో బరువు వాళ్ళు తెచ్చి దానికే తగిలించేవారు. చిన్నదాని డబ్బా కట్టడం, దాని నాలుగేళ్ళ పాపకు పాలు పట్టడం, పాపను బడి నుంచి తీసుకురావడం, అత్తగారి మోకాళ్ళకు నూనె రాయడం, మరిది బండి తాళాలు వెతకడం. సాయంత్రం చిన్నది వస్తే ఇంటిల్లిపాదీ "అలసిపోయావా?" అనేవారు. పెద్దదాన్ని ఆ మాట అడిగినవాళ్ళు లేరు. ఇంట్లో కూర్చున్నదానికి అలుపేమిటి! అత్త కొట్టినందుకు కాదు తోడికోడలు నవ్వినందుకు అని ఊరికే అన్నారా? ఆ చిన్నది నవ్వను కూడా నవ్వేది కాదు, పాపం. చెప్పులు విప్పి, "అక్కా, కొంచెం టీ" అనేది. ఆ మాటే పెద్దదాని గుండెల్లో కారం చల్లినట్టు మండేది.

కుళ్ళు ఆడవాళ్ళకు పుట్టుకతో వస్తుందని మగవాళ్ళు చెప్పుకుంటారు. అదేం కాదు. ఇద్దరాడవాళ్ళకు ఒక్క కుర్చీ వేస్తే వస్తుంది. పెద్దదీ చదువుకుంది. పెళ్ళికి ముందు ఒక డాక్టరు దగ్గర రోగుల పేర్లు రాసే పని చేసింది. "ఇంట్లో ఒకరైనా ఉండాలిగా," అని మాన్పించాడు మొగుడు. మరి చిన్నది వచ్చేసరికి ఆ ఒకరు అప్పటికే ఉన్నారు కదా, అందుకని దాని ఉద్యోగానికి అడ్డు రాలేదు. ఈ లెక్క పెద్దది ఎన్నిసార్లు వేసుకున్నా చివరికి అదే మంట మిగిలేది.

ఏడాది కిందట ఆమెకూ ఒక పని దొరికింది. మధ్యాహ్నం అంట్లు తోమాక మూడు గంటలు ఫోనులో రాసే పని. ఏదో కంపెనీ వాళ్ళకు జవాబులు రాస్తుందని ఇంట్లో అనుకున్నారు. "వేళ్ళాడించే పనికి కూడా నడుం వాలుస్తావేం?" అనేవాడు మొగుడు. అసలు సంగతి వేరు. పిల్లల టానిక్కులు అమ్మే కంపెనీ ఒకటి 'అమ్మల కబుర్లు' అని ఫోనులో ఒక గుంపు నడుపుతోంది. నలభై వేల మంది తల్లులు అందులో చేరి, పిల్లల దగ్గుల గురించీ మొగుళ్ళ గురించీ చెప్పుకుంటారు. ఆ తల్లుల మధ్య తల్లిలా తిరుగుతూ, లేని మనిషి పేరుతో రాయడం ఈమె పని. ఆ లేని మనిషికి 'ఇంటిదీపం' అని పేరు పెట్టుకుంది. ఇంటిదీపం గారు చీకటితోనే లేస్తుంది, ఎవరి మీదా విసుక్కోదు, ఇల్లు అద్దంలా ఉంచుతుంది. మొగుడు ఆమెకు మంచం దగ్గరికే టీ తెచ్చిస్తాడు. ఆ ఒక్క ముక్క మాత్రం పెద్దది తన ముచ్చట కొద్దీ రాసుకుంది.

రోజూ పొద్దున్నే కంపెనీలోని సూపర్‌వైజరమ్మ ఈమె ఫోనుకు ఒక జాబితా పంపేది. ఎవరు ఏ రాత దగ్గర ఎంతసేపు ఆగారు, ఎవరు వెళ్ళిపోయి మళ్ళీ వచ్చి అదే చదివారు, అన్నీ అందులో ఉండేవి. అంతకంటే చోద్యం, ఎవరు ఏం రాసి పంపకుండా చెరిపేశారో అది కూడా ఉండేది. "చెరిపేసినవి కూడానా అమ్మా?" అని మొదట్లో నోరెళ్ళబెట్టింది పెద్దది. "అవే అసలైనవి," అంది సూపర్‌వైజరమ్మ నవ్వుతూ. "బెంగ ఎక్కడుందో వాటిలోనే తెలుస్తుంది. మీరు ఆ బెంగ మీద రెండు మాటలు రాయండి చాలు, టానిక్ సంగతి మేం చూసుకుంటాం."

ఒకరోజు ఆ జాబితాలో 'నిద్రచాలని అమ్మ' అనే ఆవిడ చెరిపేసిన మాటలు వచ్చాయి. "మంగళవారం నా పాప మెట్ల మీంచి పడింది. నేను ఎదురుగానే ఉన్నాను. నన్ను దాటుకుని పెద్దమ్మ దగ్గరికి పరిగెత్తింది. ఆవిడ మోకాలికి మందు రాస్తుంటే నేను గుమ్మంలో చుట్టంలా నిలబడ్డాను."

ఆ మందు రాసింది తనే. ఆ మోకాలికి ఇంకా చెక్కు కట్టే ఉంది.

మొదట ఒళ్ళు జల్లుమంది పెద్దదానికి. తర్వాత, చెప్పుకోకూడదు గానీ, ఎండలో నడిచొచ్చి చల్లటి గచ్చు మీద కాళ్ళు పెట్టినట్టు హాయిగా అనిపించింది. జీతమూ, కోటూ, అలసిపోయావా అని అడిగే మనుషులూ అన్నీ ఉన్నదానికి లేనిది ఒకటి తన ఒళ్ళో ఉందన్నమాట! ఆ మధ్యాహ్నం ఇంటిదీపం గారు ఇలా రాసింది: "పడ్డ బిడ్డ ఎవరి ఒళ్ళోకి పరిగెత్తుతుందో ఆవిడే తల్లి. మిగిలినవాళ్ళు కన్నవాళ్ళు." ఆ రోజు నిద్రచాలని అమ్మ ఆ రెండు ముక్కల దగ్గరికి పదకొండుసార్లు వచ్చిపోయిందని మర్నాటి జాబితా చెప్పింది. సాయంత్రం చిన్నది కళ్ళు వాచిపోయి వచ్చింది. "సూది గుచ్చించుకోవడానికి పిల్లలు ఏడుస్తారు గానీ నువ్వెందుకు ఏడ్చావే?" అని మరిది హాస్యమాడాడు.

అక్కణ్ణుంచి పెద్దది ఆగలేదు. వారానికి రెండు మాటలు చిన్నదానికే కొలత తీసి కుట్టినట్టు రాసేది. రాస్తున్నంతసేపూ సుఖంగా ఉండేది, వంటింట్లోకి వచ్చేసరికి నోరు చేదెక్కేది. దానికితోడు ఇంకో తమాషా జరిగింది. చిన్నది చెప్పగా విని అత్తగారు కూడా ఆ గుంపులో చేరింది! కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివేది.

"చూడవే, ఇంటిదీపం గారట, మొగుడి బనియన్లు కూడా ఇస్త్రీ చేస్తుందట. నువ్వూ ఉన్నావు!"

"ఆవిడకు పనిమనిషి ఉందేమో అత్తయ్యా."

"లేదట. రాసింది. నీకు చదవడమొస్తే కదా!"

ఆ రోజు నుంచి బనియన్లు కూడా ఇస్త్రీ పెట్టె కిందికి వచ్చాయి. తను పుట్టించిన మనిషే తనకు సవతై కూర్చుంది. చిన్నదాని మీద ఒక కుళ్ళు, మంచం మీద టీ తాగే ఇంటిదీపం మీద ఇంకో కుళ్ళు. రెంటినీ ఎత్తుకుని తిరిగేది పిచ్చిది.

ఒక ఆదివారం సాయంత్రం చిన్నది అందరి ముందూ చెప్పేసింది. "రేపు రాజీనామా ఇచ్చేస్తున్నాను. పాప నాకు కాకుండా పోతోంది."

"ఇన్నాళ్ళకు బుద్ధొచ్చింది," అంది అత్తగారు.

"నీ ఇష్టం," అన్నాడు మరిది టీవీ మీంచి చూపు తిప్పకుండా.

ఎగిరి గంతెయ్యాల్సిన పెద్దది మాత్రం చేతిలో పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కోరుకున్నదే జరుగుతోంది. మరి ఈ దిగులేమిటి?

మర్నాడు పొద్దున్న జాబితా వచ్చింది. నిద్రచాలని అమ్మ ఈసారి చాలా రాసి చెరిపేసింది. "ఇంటిదీపం గారూ, మా తోడికోడలిని చూస్తే నాకు ఓర్వలేనితనం. నా పాప ఆవిడ పక్కన పడుకుంటేనే నిద్రపోతుంది. ఇంకో సంగతి ఎవరికీ చెప్పలేదు. రెండు నెలల కిందట మా ల్యాబులో వచ్చినవాళ్ళ పేర్లు రాసుకోవడానికి మనిషి కావాలన్నారు. ఆ పని ఆవిడకు వచ్చు. నేను ఇంట్లో నోరెత్తలేదు. ఆవిడ బయటికొస్తే నా పాపను ఎవరు చూస్తారని భయం. నా ఉద్యోగం నిలబెట్టుకోవడానికి ఆవిడను ఇంట్లో ఉంచేశాను. ఇప్పుడు పాప నాకు దూరమైపోవడం అందుకు శిక్షేనా?"

పెద్దది మూడుసార్లు చదివింది. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి ఏడుపొచ్చింది. మూడోసారి, తామిద్దరూ ఒకే గోతికి ఇటునుంచి ఒకరు అటునుంచి ఒకరు పలుగు వేశారని తెలిసొచ్చింది. ఆ గోతి పక్కన కాలు మీద కాలేసుకుని కూర్చున్నవాళ్ళ చేతులకు మట్టి కూడా అంటలేదు. ఫోను తీసుకుని గబగబా రాసింది: "అమ్మల్లారా, ఇంటిదీపం అనే మనిషి లేదు. కంపెనీ కోసం నేను అల్లిన అబద్ధం. మీరు రాసి చెరిపేసేవి కూడా ఇక్కడ చదువుతున్నారు. మీ బెంగ చూసి దాని మీదే రాస్తున్నారు." మళ్ళీ చదువుకోకుండానే పంపింది. రెండు నిమిషాల్లో ఆ మాటలు మాయమయ్యాయి, ఫోనులో ఆమె పనీ మూసుకుపోయింది. ఆ రెండు నిమిషాల్లో ఎంతమంది చదివారో ఆమెకిక తెలిసే దారి లేదు.

హాల్లోకి వచ్చేసరికి అన్నదమ్ములిద్దరూ బల్ల దగ్గర కూర్చుని తింటున్నారు. చిన్నది రాజీనామా కాగితం సంచిలో పెట్టుకుని చెప్పులేసుకుంటోంది. అత్తగారు కళ్ళజోడు సర్దుకుంటూ, "ఇదేం విడ్డూరమే, ఇంటిదీపం గారు లేనే లేదని రాసుంది! చదువుతుండగానే పోయింది," అంది.

"ఆవిడ లేదత్తయ్యా. ఆ రాతలన్నీ నావే."

"నీవా? నీకంత తెలివెక్కడిదే!"

పెద్దది అత్తగారిని దాటుకుని చిన్నదాని ముందుకు వెళ్ళి నిలబడింది. "నీ మీద కుళ్ళుతో రాశాను. పాప మెట్ల మీంచి పడ్డ సంగతి నువ్వు రాసి చెరిపేశావు కదా, అది నా దగ్గరికే వచ్చింది. నువ్వేనని తెలిసే, నువ్వు ఏడుస్తావనే రాశాను. ఆ కాగితం ఇవ్వకు. నీ బిడ్డ నీకు కాకుండా పోవడమేం లేదు, అది నా విషం."

చిన్నదాని మొహం కోటు కంటే తెల్లగా పాలిపోయింది.

"అన్నీ వచ్చాయా?" అంది మెల్లిగా. "నిన్నటిది కూడా?"

"వచ్చింది," అంది పెద్దది. "మీ ల్యాబులో ఆ పేర్లు రాసే పని ఇంకా ఖాళీగానే ఉందా?"

చిన్నది తోడికోడలి మొహం వైపు చూడలేదు. చూడాలనిపించినట్టు కూడా లేదు. సంచిలోంచి కాగితం తీసి, నిలువునా రెండు ముక్కలు చేసింది.

"ఉంది," అంది. "తొమ్మిదిన్నరకల్లా వెళ్ళాలి."

"అయ్యో, మరి పాపను బడి నుంచి ఎవరు తెస్తారే!" అంది అత్తగారు.

ఇద్దరు కోడళ్ళూ బల్ల వైపు చూశారు. బల్ల దగ్గర అన్నదమ్ములిద్దరూ నమలడం ఆపేశారు.