గాజుతొట్టెలో తవుడు సంచి

మాణిక్యాంబకు కోపం వస్తే కడియం నర్సరీల్లో విచ్చుకున్న గులాబీలు మళ్లీ మొగ్గలోకి దూరిపోతాయని చెప్పుకుంటారు. దూరడం ఎవరూ చూడలేదు గానీ, ఆ మంగళవారం పొద్దున ఆవిడ సంచీ దించి ముందుగదిలోకి చూసిన క్షణాన వీధిలో కుక్క అరవడం మానేసిందన్నది మాత్రం నిజం.

మూడేళ్లుగా ఆవిడ గాజుతొట్టెలో గప్పీ చేపలు పెంచుతోంది. వేలెడు కూడా ఉండవు, తోకలు మాత్రం పట్టుచీర కుచ్చిళ్లు. నీలం ఒంటికి ఎర్రతోక రావాలని జతలు మార్చి మార్చి, ఆఖరికి ఒకే ఒక్క మగదాన్ని సాధించింది. అది పోయిన వారమే చచ్చిపోయింది. దాని పిల్లలు ఒక్క ఆడగప్పీ కడుపులో ఉన్నాయి. గప్పీ గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. ఇవాళో రేపో కనేలా ఉంది.

సరిగ్గా అప్పుడే కంటి పరీక్షకని రాజమండ్రి వెళ్లి రెండు రోజులు ఉండాల్సి వచ్చింది. చెరువుగట్ల మీదకు కొబ్బరిమొక్కలు కొనడానికి వచ్చిన చెల్లెలి మొగుడు వీరబ్రహ్మం చేతిలో తాళం పెట్టింది. ఆయనకు ఇరవై ఎకరాల చేపల చెరువులు. తన చెరువులో బొచ్చెచేప తోక ఆడిస్తే గట్టు మీద ఆరేసిన పంచెలు ఎగిరిపోతాయని చెప్పే మనిషి.

“పొద్దున చిటికెడు, సాయంత్రం చిటికెడు మేత. ఇంకేం చెయ్యకండి మరిదిగారూ.”

“ఇరవై ఎకరాలు పెంచేవాణ్ణి వదినగారూ! మీ చారెడు నీళ్లు చూడలేనా?”

ఇప్పుడు తిరిగొచ్చి చూస్తే తొట్టెకు అడ్డంగా ఓ పుల్ల. దానికి వేలాడుతూ చిల్లులు పొడిచిన గుడ్డసంచి, నిండా తవుడు. నీళ్లు కుడితిలా ఉన్నాయి. అడుగున సున్నం. పదో పన్నెండో వెల్లకిలా తేలాయి. మిగతావి పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి.

“ఏంటండీ ఇది?”

“మీ చేపలు బొత్తిగా ఎదగలేదండీ. అందుకే తవుడు కట్టాను. నీళ్లు తేరతాయని గుప్పెడు సున్నం జల్లాను. మా చెరువుల్లో ఇలాగే...”

“మీ చెరువులో చేప కిలోలు తూగి లారీ ఎక్కాలి! ఇవి ఎక్కడికెక్కాలండీ, మీ నెత్తికా?”

పెరట్లో నిలవబెట్టిన నీళ్లు పెద్ద గిన్నెలోకి వంపింది. టీ వడగట్టుతో ఒక్కొక్కదాన్నే తీస్తోంది. ఆయన సాయానికి వంగాడు.

“చెయ్యి పెట్టారంటే ఆ సున్నమే మీ నోట్లో కొడతాను.”

ఆడగప్పీ మూలన అద్దానికి ఒరిగి ఉంది. గిన్నెలో వేస్తే పక్కకు వాలిపోయింది. మాణిక్యాంబ రెప్ప వెయ్యకుండా అరగంట నిలబడింది. చివరికి అది నిటారుగా లేచి, తోక ఆడించి, అడుక్కి దిగింది. ఆవిడ ఊపిరి వదిలింది. కోపం వదల్లేదు.

“పోనీలెండి వదినగారూ, రేపే పది కిలోల శీలావతి చేప పంపిస్తాను. పులుసు పెట్టుకుందురుగాని,” అన్నాడు వీరబ్రహ్మం.

ఆవిడ వంటింట్లోకి వెళ్లి పీట వాల్చింది.

“భోజనానికి రండి.”

ఆయన గండం గడిచిందనుకుని కాళ్లూ చేతులూ కడుక్కుని కూర్చున్నాడు. విస్తరి మధ్యలో గుప్పెడు తవుడు పడింది. ఉప్పు వడ్డించే చోట చిటికెడు సున్నం.

“ఇదేంటండీ?”

“మీరు బొత్తిగా ఎదగలేదండీ మరిదిగారూ. తినండి. మొహమాటపడకండి.”