అసలు సంగతి

"మళ్లీ మొదటి వాక్యంలోనే చంపేశారు నాన్నా!"

కూతురు టైపు చేయడం ఆపింది. ఒళ్లో పాప కీబోర్డు మీదికి చేయి చాచింది. ఆయన ఎడమ భుజం రుద్దుకుంటూ నవ్వాడు.

ముప్పై ఏళ్లు పరాయి దేశాల యుద్ధాల నుంచి పత్రికకు ఫోనులో వార్తలు చెప్పిన మనిషి. లైను ఎప్పుడు పోతుందో తెలియదు గనుక అసలు సంగతి ముందే చెప్పేయాలి. ఇంటికి ఫోను చేసినా అంతే. "బతికే ఉన్నా" అని పెట్టేసేవాడు.

ఇప్పుడు రాస్తున్నది పుస్తకం. చివరి అధ్యాయం అక్కడ తన కారు నడిపిన డ్రైవరు గురించి. తూటా తగిలి పక్క సీట్లోనే పోయాడు. మనిషి ఎలాంటివాడో తెలియడం లేదని ప్రచురణకర్త రెండుసార్లు తిప్పి పంపాడు. ఈసారీ కుదరకపోతే అధ్యాయం తీసేస్తానన్నాడు. తీసేస్తే ఆ మనిషి గురించి ఇంకెక్కడా ఒక్క ముక్క ఉండదు.

"కాసేపు బతకనివ్వండి పాపం. ఏం మాట్లాడేవాడు, ఏం పాడేవాడు, అవి చెప్పండి. తొందరేముంది? మీరు చెప్తే పెళ్లి కబురు కూడా చావు కబురులా ఉంటుంది."

ఆయన కుర్చీలో చేరబడి, పాప కోసం కమలాపండు ఒలుస్తూ నెమ్మదిగా మొదలుపెట్టాడు. హారన్ పాడైతే డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి తానే "పీ పీ" అని అరిచేవాడట. మేకలు తప్పుకుంటే వంగి దండం పెట్టేవాడట. కూతురు పకపకా నవ్వింది.

"మీకు చెమటలు పడుతున్నాయి నాన్నా, ఫ్యాను పెంచనా?"

"వద్దు, రాయి. వాడింకా బతికే ఉన్నాడు."

పేజీ తర్వాత పేజీ. చిట్టచివర ఒక్క మాట: మలుపు దగ్గర పాట ఆగిపోయింది.

కూతురు కళ్లు తుడుచుకుంది. "ఇప్పుడు తెలిశాడు నాన్నా, ఆ మనిషి."

"అయితే నేర్చుకున్నానన్నమాట." ఊపిరి పీల్చుకుని, మామూలుగా అన్నాడు. "పొద్దున లేచినప్పటి నుంచి గుండెల్లో నొప్పిగా ఉందమ్మా."

"ఏంటీ? పొద్దున్నుంచా? ఇప్పుడా చెప్పేది!"

పాపను కింద దింపి ఆమె ఫోను అందుకునేలోపే ఆయన తల పక్కకి వాలిపోయింది.

అంబులెన్సు వచ్చింది. చూసి, ఇక అవసరం లేదన్నారు. ఆమె అన్నయ్యకు ఫోను కలిపింది. "హలో, హలో" అంటున్నాడు అవతల.

కుర్చీ చేతి మీద కమలా తొనలు వరసగా ఉన్నాయి, పీచు తీసి, గింజలు తీసి. చివరిదానికి గింజ ఇంకా తీయలేదు.