మిగతా మూడు గంటలు

"ఏడు గంటలు కూర్చునే కదా వచ్చావు, ఇంకా అలసటేమిటి?" అన్నాడు భర్త, టీవీ మీంచి చూపు తిప్పకుండానే. ఆమె పెట్టె గుమ్మంలోనే వదిలేసి, కుర్తా చేతులు పైకి మడుచుకుని సింకు ముందు నిలబడింది. రెండు రోజుల గిన్నెలు, అడుగంటిన పాలగిన్నెతో సహా, ఆమె కోసమే కాచుక్కూర్చున్నాయి.

బట్టల కంపెనీలో కొలతలు సరిచూసే ఉద్యోగం ఆమెది. నెలకోసారి సముద్రం అవతలి దేశంలో ఉన్న ఫ్యాక్టరీకి వెళ్లి రావాలి. వెళ్లేముందు రెండు రోజులకు సరిపడా వండి, డబ్బాల మీద చీటీలు అంటించి, అత్తగారి మందులు పూటపూటకీ విడదీసి పెడుతుంది. "నీకేమ్మా, గాల్లో తిరిగే మనిషివి," అంటారు అత్తగారు, ఆ డబ్బా మూత తీస్తూనే.

బల్ల దగ్గర హోంవర్కు చేసుకుంటున్న కూతురు తలెత్తింది. "అమ్మా, ఆసియా మ్యాపులో ఏవైనా రెండు ఎయిర్‌పోర్టులు తీసుకుని దూరం, ప్రయాణం టైము రాయమన్నారు టీచరు. నేను నువ్వు వెళ్లొచ్చేవే రాస్తున్నా. రెండువేల ఎనిమిది వందల కిలోమీటర్లు, నాలుగు గంటలు. మరి నీకు ఏడెందుకు పడుతుంది?"

ఆమె పాలగిన్నె అడుగు గట్టిగా గీకడం మొదలుపెట్టింది.

ఏం చెబుతుంది? రెండేళ్ల కిందట ఒకసారి విమానం నిజంగానే మూడు గంటలు ఆలస్యమైంది. ఇల్లేమీ మునిగిపోలేదు. మరుసటి నెల వేళకే దిగింది కానీ ఫోను ఆన్ చేయలేదు. విమానంలో ఉన్న మనిషిని ఉప్పెక్కడుందని ఎవరూ అడగరు కదా! ఇక్కడి ఎయిర్‌పోర్టులోనే, పై అంతస్తులో అద్దాల పక్కన ఒక కుర్చీ. చెప్పులు విప్పి, కాళ్లు చాపుకుని కూర్చుంది. పుస్తకం చదివిందా, లేదు. ఏడ్చిందా, అదీ లేదు. ఊరికే కూర్చుంది. అంతే, అలవాటైపోయింది. ఏడు గంటల ప్రయాణమంటే ఇంట్లో అందరూ నమ్మారు. ఆమె ఏ విమానమెక్కుతుందో ఎవరూ ఏనాడూ అడిగింది లేదు.

సిగ్గు మాత్రం వదల్లేదు. పోయిన చలికాలం ఇదే పిల్ల ఒళ్లు కాలిపోతూ "అమ్మ ఎప్పుడొస్తుంది?" అని కలవరిస్తుంటే, ఆ అమ్మ ఊళ్లోనే, అరగంట దూరంలో, కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. ఇంటికొచ్చి సంగతి విన్నాక తల కొట్టేసినట్టయింది. ఇంకెప్పుడూ కూర్చోనని ఒట్టేసుకుంది. నెల తిరిగేసరికి మళ్లీ అదే కుర్చీ. ఛీ, నేనూ ఒక తల్లినేనా అని తనని తాను తిట్టుకుంటూనే ఉంది కానీ, లేవలేదు.

టీవీ ఆగిపోయింది. "అడుగుతోంది కదా, చెప్పు. ఆ మూడు గంటలూ ఎక్కడుంటున్నావు? ఎవడితో?" అన్నాడాయన.

"పిల్ల ముందా ఆ మాటలు!" అంటూ అత్తగారు కొడుకుని గదిమారు. కళ్లు మాత్రం కోడలి మీదే ఉన్నాయి.

చిత్రం, ఎవడో ఉన్నాడని చెప్పడమే తేలికనిపించింది ఆమెకి. అది వాళ్లకి అర్థమయ్యే తప్పు. పిల్లని వదిలేసి ఊరికే కూర్చున్నానని ఏ మొహం పెట్టుకుని చెప్పడం? కుళాయి కట్టేసి, తడి చేతులతోనే కూతురి పక్కకి వచ్చింది.

"నాలుగే రాయమ్మా, నువ్వు సరిగ్గానే చూశావు. మిగతా మూడు గంటలూ ఎయిర్‌పోర్టులో ఒక్కదాన్నే కుర్చీలో కూర్చుంటాను. నీకు జ్వరమొచ్చిన రోజు కూడా అక్కడే ఉన్నాను. తప్పు చేశాను. ఇకనుంచి ఫోను ఆన్‌లోనే ఉంచుతాను, నీకు బాగోలేకపోతే కాల్ చెయ్యి, పరిగెత్తుకొస్తాను. కూర్చోవడం మాత్రం మానను."

"ఎవడితో అని అడుగుతున్నాను!"

ఆమె తలెత్తి ఆయన్ని చూసింది. సిగ్గుతో మొహం మండిపోతూనే ఉంది.

"అక్కడ నన్ను పిలిచేవాళ్లు ఎవరూ ఉండరు. అందుకే వెళ్తాను."