మాదిరి కుటుంబం

వెళ్ళడం అన్న క్రియ దగ్గర ప్రతిసారీ ఆగిపోయేవాణ్ణి.

"వాదో, వాయ్, వా..." అని మొదలుపెట్టి నాలుగో రూపం దగ్గరికి వచ్చేసరికి నోరు ఖాళీ అయిపోయేది.

"అందియామో," అనేది అక్క, కుట్టుమిషను మీంచి తల ఎత్తకుండా. "నాలుగోదీ అయిదోదీ సవతి పిల్లల్రా. మిగతావాటితో కలవవు. ఆ రెండింటినీ గుర్తుపెట్టుకో చాలు."

అక్కకి ఇటాలియన్ రాదు. నేను మాటల్ని నోట్సులో తెలుగు అక్షరాలతో రాసుకునేవాణ్ణి. ఆమె కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, ఆ పుస్తకం మిషను బల్ల మీద పరుచుకుని, నేను అప్పజెబుతుంటే తప్పులు పట్టేది. అర్థం తెలియని మాటలు ఆమెకి నాకంటే తొందరగా వచ్చేవి. అర్థం తెలియదు కాబట్టే వచ్చేవేమో.

నాకప్పుడు నలభై నాలుగేళ్ళు. బూట్ల ఫ్యాక్టరీలో ఆఖరి బల్ల నాది. కుట్టు, జిగురు, పాలిష్ అన్నీ అయిపోయిన జత నా ముందుకి వస్తుంది. ఎడమది కుడిదానికి సరిపోయిందా, అంచున జిగురు మరక మిగిలిందా, మడమ దగ్గర తోలు ముడత పడిందా చూసి పెట్టెలోకి పంపాలి. రోజుకి నాలుగు వందల జతలు. పంతొమ్మిదేళ్ళుగా అదే పని. సాయంత్రమయ్యేసరికి కళ్ళు చూస్తూనే ఉంటాయి గానీ వాటికి ఏదీ కనిపించదు.

ఆ ఏడు కంపెనీ ఇటలీ నుంచి కొత్త యంత్రాలు తెప్పిస్తోంది. వాటి పని నేర్చుకోవడానికి ఒక మనిషిని ఏడాదిపాటు అక్కడికి పంపుతామన్నారు. షరతు ఒక్కటే, మొదటి మెట్టు భాషా పరీక్ష పాసవ్వాలి. ఒకరికి మించి పాసైతే సర్వీసు ఎక్కువున్నవాడు వెళతాడు. నలుగురం పేర్లిచ్చాం. ఇద్దరు నెల తిరగకముందే దణ్ణం పెట్టేశారు. మిగిలింది నేనూ, కటింగ్ సెక్షన్లో పనిచేసే ముప్పై ఏళ్ళవాడూ. వాణ్ణి ఫ్యాక్టరీలో అందరూ కత్తెర అంటారు, పనిని బట్టి కాదు, నోటిని బట్టి. ఇద్దరిలో సర్వీసు నాదే ఎక్కువ. అంటే నేను పాసైతే నేనే వెళతాను.

ఎందుకు వెళ్ళాలనుకున్నానో ఎవరికీ చెప్పలేదు. యంత్రాల మీద మోజు లేదు. అమ్మ పోయేటప్పటికి నాకు ఆరేళ్ళు, అక్కకి పదిహేడు. నాన్న ముఖం నాకు గుర్తులేదు. అక్క ఊరివాళ్ళ బట్టలు కుట్టి నన్ను చదివించింది. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా "వీణ్ణి కాస్త ఎదగనీండి" అనేది. నేను ఎదిగాను. ఆ మాటని మాత్రం ఆమె వెనక్కి తీసుకోలేదు, నేనూ తీసుకోమనలేదు. ముప్పై ఎనిమిదేళ్ళుగా నేను గుమ్మం ఎక్కగానే లోపల మిషను ఆగుతుంది. నా చెప్పుల చప్పుడు కోసం ఎవరూ ఎదురుచూడని గదిలో ఒక్క ఏడాది ఉండాలని నా కోరిక. దాన్ని పైకి తీసి చూస్తే తిన్నింటి వాసాలు లెక్కపెట్టడంలాగే కనిపించేది. అందుకే తీసి చూసేవాణ్ణి కాదు.

క్లాసు ఒక జిరాక్సు షాపు పైన, వారానికి మూడు సాయంత్రాలు. కింద మిషను కాయితం లాగినప్పుడల్లా మా బెంచీలు సన్నగా వణికేవి. టీచర్ యాభై దాటిన మనిషి. బుగ్గలో ఎప్పుడూ గొంతు మాత్ర ఉండేది. పాఠం చెప్పీ చెప్పీ ఆమెకి ఒక సిద్ధాంతం ఏర్పడింది. మాట్లాడే పరీక్షలో తప్పకుండా 'మీ కుటుంబం గురించి చెప్పండి' అని అడుగుతారు. దానికి అందరికీ ఒకే జవాబు రాసిచ్చేది. పన్నెండు వాక్యాలు, అన్నీ వర్తమానంలో. మేం నలుగురం. నా భార్య స్కూల్లో పాఠాలు చెబుతుంది. పొద్దున్నే లేస్తుంది. కొడుక్కి పదేళ్ళు, కూతురికి ఏడు. ఆదివారం పార్కుకి వెళతాం. మాకో పిల్లి ఉంది. పిల్లి సోఫా మీద నిద్రపోతుంది.

"టీచర్, నాకు పెళ్ళి కాలేదు కదండీ?" అన్నాడు కత్తెర.

"పరీక్ష గదిలో అయింది."

"మరి ఆవిడ పొద్దున్నే లేస్తుందంటారా?"

"లేస్తుంది. నీకు ఇంతకంటే మంచి సంబంధం రాదు, రాసుకో."

క్లాసంతా నవ్వింది. నవ్వు ఆగాక నేను మెల్లిగా, "నాకు అక్క ఒక్కతే ఉందండీ, అది చెప్పకూడదా?" అన్నాను.

ఆమె మాత్రని ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి మార్చుకుంది. "అక్క గురించి ఏం చెబుతారు? నన్ను పెంచింది అంటారు. చదివించింది అంటారు. అంతా జరిగిపోయిన కాలం. అందులోకి దిగితే తడబడతారు, తడబడితే మార్కులు పోతాయి. నిజం చెప్పడానికి చాలా క్రియలు కావాలండీ. మన దగ్గరున్నవి ఇరవై."

ఆ వాక్యాలు నోట్సులో రాసుకుని ఇంటికి తెచ్చాను. అక్క పేజీ తిప్పి చూసి, "ఇదేం పాఠంరా?" అంది.

"వాతావరణం," అన్నాను.

ఆలోచించి ఆడిన అబద్ధం కాదు. వేడి గిన్నె తగిలినప్పుడు చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చినట్టు వచ్చింది.

ఆ రోజు నుంచి అక్క ఆ పన్నెండు వాక్యాలూ నాచేత అప్పజెప్పించింది. సియామో ఇన్ క్వాత్రో. మేం నలుగురం. ఓ ఊనా మోల్యే. నాకు భార్య ఉంది. అక్క మోల్యే దగ్గర నా ఉచ్చారణ దిద్దేది. తాను రాగం తీసి మరీ పలికేది. గుండీలు కుడుతూ, వంటింట్లో గిన్నెలు సర్దుతూ, ఉతికిన బట్టలు దులుపుతూ నాకు భార్య ఉందనీ, ఇద్దరు పిల్లలున్నారనీ ఇల్లంతా వినిపించేట్టు చదివేది. నేను తల దించుకుని వినేవాణ్ణి.

సిగ్గుపడవలసింది అంతకంటే ఇంకొకటుంది. ఫ్యాక్టరీ నుంచి క్లాసుకి నడిచే ఇరవై నిమిషాలూ ఆ వాక్యాలు నెమరువేసుకుంటుంటే నాకు హాయిగా ఉండేది. ఆ భార్యకి ముఖం లేదు, ఆ పిల్లలకి గొంతు లేదు. కానీ ఆ ఇంట్లో నాకోసం ఎవరూ ఏదీ వదులుకోలేదు. మా ఫ్యాక్టరీలో తోలుని పాదం ఆకారపు అచ్చు మీద ఎక్కించి బిగిస్తారు. ఆ అచ్చు ఏ మనిషి పాదమూ కాదు. ఎవరిదీ కాదు కాబట్టే అందరికీ సరిపోతుంది. ఆ కుటుంబమూ అలాగే నాకు సరిపోయింది, ఎక్కడా కరవకుండా.

పరీక్షకి పది రోజులుందనగా, ఫ్యాక్టరీకి సెలవున్న ఒక రోజున, కత్తెర నన్ను క్లాసుకి తీసుకెళ్ళడానికి ఇంటికొచ్చాడు. నేను లోపల చొక్కా మార్చుకుంటున్నాను. ముందుగదిలో అక్క పాంటు అంచు కుడుతూ, అలవాటుగా, "ఇల్ గాత్తో దోర్మే సుల్ దివానో," అంటోంది.

"అక్కా! మా పెళ్ళాం పిల్లలు మీకు కూడా కంఠతా వచ్చేశారా?" అని నవ్వాడు వాడు.

"పెళ్ళాం పిల్లలేంటయ్యా? అది వాతావరణం పాఠం కదా?"

"వాతావరణమా! ఎవరు చెప్పారక్కా మీకు?" అని వాడు ఒక్కో వాక్యానికీ అర్థం చెప్పుకుపోయాడు, పెళ్ళివిందు వర్ణించినంత ఉత్సాహంగా. నేను ఒక చెయ్యి చొక్కాలో, ఒక చెయ్యి బయట పెట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి ఆఖరి వాక్యంలో ఉన్నాడు.

"దివానో అంటే?" అంది అక్క.

"సోఫా అక్కా. పిల్లి సోఫా మీద నిద్రపోతుంది."

"అయితే పిల్లి కూడా ఉంది," అంది. నా వైపు చూసింది. "పిల్లికి సోఫా కూడా ఉంది."

కత్తెర పగలబడి నవ్వాడు. అక్క కూడా కాస్త నవ్వి, పళ్ళతో దారం తెంపి, "వెళ్ళండి, ఆలస్యమవుతుంది," అంది.

మర్నాడు సాయంత్రం నోట్సు ఎప్పటిలాగే మిషను బల్ల మీద తెరిచి ఉంది.

"నేనే చెబుదామనుకున్నానక్కా."

"ఏం చెబుదామని? మార్కుల కోసం కదా. ఊఁ, కానీ. సియామో ఇన్ క్వాత్రో."

చెప్పాను. ఆమె తప్పులు పట్టింది. ఒక్క వాక్యం కూడా వదల్లేదు. రాగం మాత్రం తియ్యలేదు.

పరీక్ష రోజున రాతపరీక్ష పొద్దున్నే అయిపోయింది. మాట్లాడే పరీక్షకి మధ్యాహ్నం నడవాలో కుర్చీలు వేసి కూర్చోబెట్టారు. పదిహేనుమందిమి. అందరూ కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ ఒకే భార్యని, అదే కొడుకునీ కూతురునీ తలుచుకుంటున్నారు. ఆడవాళ్ళు భార్య ఉన్నచోట భర్తని పెట్టుకున్నారు. అంతే తేడా. పిల్లి అందరికీ ఉంది. కత్తెర నాకంటే ముందు వెళ్ళి, బయటికొస్తూ కన్నుకొట్టాడు. "పిల్లికి రెండు కూనల్ని కూడా పుట్టించానన్నా," అన్నాడు.

నా వంతు పన్నెండోది.

గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక ఫ్లాస్కు. పరీక్ష పెట్టేది పొట్టి జుట్టు ఆవిడ. పేరు అడిగింది, పని అడిగింది, కుటుంబం గురించి అడిగింది. మొదలుపెట్టాను. మూడో వాక్యానికి ఆమె కలం ఆగింది. తల ఊపుతూనే ఉంది, కానీ చూపు నా భుజం మీదుగా గోడ వైపు వెళ్ళిపోయింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. మధ్యాహ్నం మూడింటికి, రెండు వందల యాభయ్యో జత చేతిలోకి వచ్చినప్పుడు నా ముఖం మీద ఉండేది అదే. జతలో తప్పు ఉండదు. తప్పు ఉన్నా బాగుండునని అప్పుడు అనిపిస్తుంది.

నేను పార్కు దాటి పిల్లి దగ్గరికి వచ్చాను. నా వాక్యం పూర్తికాకముందే ఆమె, అలసటగా, దాదాపు దయగా, తనే అందుకుంది. "పిల్లి సోఫా మీద నిద్రపోతుంది, అవునా?"

అవునంటే సరిపోయేది. ఆ ఒక్క మాటతో మార్కులు వచ్చేవి, ఏడాది వచ్చేది, నేను కోరుకున్న గది వచ్చేది.

"కాదు," అన్నాను. "పిల్లి లేదు."

ఆమె చూపు గోడ మీంచి దిగి నా మీదికి వచ్చింది.

"భార్య లేదు. పిల్లలు లేరు. నాకు అక్క ఉంది." ఇక్కడిదాకా క్రియలు దొరికాయి. అక్క కుడుతుంది అన్నాను. అక్కకి మోకాలు నొప్పి అనబోయి మోకాలికి మాట దొరక్క మోకాలు చూపించాను. ఆ తర్వాత పెంచింది అనాలి. ఆ మాట మాకెవరూ చెప్పలేదు. అరచేతిని బల్ల కంటే కిందికి దించి, ఇంత ఉన్నాను అన్నట్టు చూపించాను. మెల్లిగా నడుం దాకా ఎత్తాను, భుజం దాకా ఎత్తాను, తల మీదికి ఎత్తాను. "అక్క," అన్నాను. అంతే.

ఆమె ఏదో ఒక్క మాట అంది. నేను వెతుకుతున్న క్రియ అదే అయి ఉండాలి. సరిగ్గా పట్టుకోలేకపోయాను. మళ్ళీ అనమని అడగడం ఎలాగో తెలుసు గానీ, అడిగే ఓపిక లేకపోయింది.

మూడు వారాలకి ఫలితాలొచ్చాయి. రాతలో పాసయ్యాను. మాట్లాడటంలో పదకొండు కావాలి, పది వచ్చాయి. కత్తెరకి పదహారు.

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ నన్ను నేను నిలదీసుకున్నాను. అక్కడ నోరు విప్పింది నిజాయితీయా? లేక వెళ్ళవలసివస్తుందన్న భయం నిజాయితీ వేషం వేసుకుందా? ఎంత తవ్వినా అడుగు తగల్లేదు. ఒకటి మాత్రం స్పష్టంగా తెలుసు. జరిగింది అక్కకి చెబుతాను, ఆమె కళ్ళు చెమరుస్తాయి, వాతావరణం అబద్ధం దాంతో చెల్లిపోతుంది. దారి పొడుగునా ఆ దృశ్యాన్ని సిద్ధం చేసుకున్నాను.

గుమ్మం ఎక్కగానే మిషను ఆగింది. చెప్పాను. పిల్లి లేదన్నదీ, అక్క ఉందన్నదీ, అరచెయ్యి ఎత్తి చూపించిందీ, అన్నీ.

అక్క కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"నిన్నెవరు చెప్పమన్నార్రా?"

నేను బిత్తరపోయాను.

"పన్నెండు వాక్యాలు. మూడు నెలలు నా ప్రాణం తోడి కంఠతా పట్టించాను. పదకొండు చెప్పావు కదా, ఆ పన్నెండోది అనేస్తే నీ సొమ్మేం పోయింది?"

"నువ్వు లేవు కదక్కా అందులో."

"లేకపోతే ఏం? ఎక్కడో ఒకచోట లేకుండా ఉండనివ్వరా నన్ను." ఆమె గొంతులో కోపం లేదు. రోజంతా కుట్టిన మనిషి గొంతు అది. "ఏడాది పాటు తెల్లవారుజామున లేవక్కర్లేదనుకున్నాను. నా ఒక్కదానికి ఏదో ఇంత ఉడకేసుకుని, ఈ మిషను మీద గుడ్డ కప్పేసి, పగలంతా పడుకుందామనుకున్నాను. గుమ్మంలో చెప్పుల చప్పుడు ఎప్పుడవుతుందా అని చెవులప్పగించకుండా."

కుర్చీ కనిపిస్తే కూర్చున్నాను. నేను నాకోసం దాచుకున్న గదిలో ఆమె ఎన్నాళ్ళుగా కూర్చుని ఉందో నాకు తెలియదు. ఇద్దరమూ ఒకరి ముఖం ఒకరు చూడకుండా, ఒకే బస్సు తప్పిపోయిన వాళ్ళలా కూర్చున్నాం.

"మళ్ళీ ఎప్పుడు పెడతారు?" అంది చివరికి.

"ఆరు నెలలకి. కత్తెర వెళుతున్నాడు. వచ్చే ఏడు ఇంకో యంత్రం వస్తే ఇంకొకణ్ణి పంపుతారట."

"అయితే తీయ్ పుస్తకం."

"ఈ పూట వద్దక్కా. అలసిపోయాను."

"నేను అలసిపోలేదేంటి? తీయ్."

సంచిలోంచి నోట్సు తీసి బల్ల మీద పెట్టాను. ఆమె కుడుతున్న చొక్కాని పక్కకి నెట్టి, కళ్ళజోడు పెట్టుకుని, పేజీ వెతికింది. వేలితో వాక్యాల మీద కిందికి జారుకుంటూ వచ్చి దాదాపు చివర్న ఆపింది.

"భార్యా పిల్లలూ నీకు బాగానే వచ్చు," అంది. "పిల్లి దగ్గర్నుంచి మొదలుపెట్టు. అక్కడే చెడగొట్టుకున్నావు."